కడలి దాటిన గోరువంకలు

గడచిన వేసవిలో నాకొక యుత్తరము వచ్చినది. వ్రాసినవాడు ముప్పదియేండ్లకు పూర్వము నాయొద్ద నీతిచంద్రిక చదువుకొన్న శిష్యుడు. ఇప్పుడతడు ఆస్ట్రేలియా దేశపు రాజధానియగు కాన్‌బెరా నగరములో ఉద్యోగము చేసికొనుచు కుటుంబముతో నున్నాడు. కుశలప్రశ్నలు ముగిసిన పిమ్మట నిట్లు వ్రాసినాడు: "గురువుగారూ! మా ప్రక్కయింటి పెద్దమనిషి యొకరు తీగలతో అల్లిన బోను ఒకటి తెచ్చి, దీనిని మీ పెరటిలో నుంచి ఇండియన్ మైనాలను పట్టి యిండని మమ్ము అడిగినారు. ఆయన దుర్మార్గుడు కాడు. మా పిల్లకు జ్వరము వచ్చినప్పుడు అర్ధరాత్రి తన కారులో వైద్యునియొద్దకు తీసికొనిపోయినవాడు. ఆ బోను చూచి మా పిల్ల, 'ఇండియన్ అనగా మనమే కదా నాన్నా! మనలను పట్టుటకా?' అని అడిగినది. తీరా చూడగా ఆ పిట్ట మన గోరువంకయే. నాకు ఏమి చెప్పుటకును తోచలేదు. తాము తెలియజేయవలెను."

మంచి ప్రశ్న. బడిలో నున్నప్పుడు వీడు ఇంత మంచి ప్రశ్న ఎన్నడును అడిగినట్లు నాకు జ్ఞాపకము లేదు. కాని దీనికి సమాధానము కార్డుముక్కలో ఇముడునది కాదు. దీని వెనుక రెండున్నర శతాబ్దముల చరిత్ర కలదు. ఆ చరిత్రలో చెఱకు ఉన్నది, మిడుతలు ఉన్నవి, మన తీరమునుండి ఓడలెక్కిపోయిన కూలిజనము ఉన్నారు. కావున శిష్యునికి చెప్పవలసిన మాటను నేడు మీయందఱి యెదుటను చెప్ప సాహసించుచున్నాను.

అనకాపల్లి ప్రాంతమున గోరువంకను ఎఱుగనివారు లేరు. శారదానది నీటితో తడిసిన మళ్లలో నాగలి సాగుచున్నప్పుడు, ఆ చాలు వెంట నాలుగు కొంగలును పది గోరువంకలును బంట్రోతులవలె నడచివచ్చుట నా చిన్ననాటినుండి చూచుచున్నాను. మన్ను తిరుగబడగనే బయటపడిన పురుగు మరల లోపలికి పోకముందే గోరువంక నోటబడును. ఇప్పుడు ఎడ్లు తగ్గి ట్రాక్టరులు వచ్చినను గోరువంకకు పట్టింపు లేదు. దానికి కావలసినది చాలే గాని నాగలి కాదు. అన్యోన్యముగా నుండు దంపతులను చిలుకా గోరువంకలని ముచ్చటపడుదుము. సంస్కృత కావ్యములలో శుకశారికలు లేని అంతఃపురమే కానరాదు.

కాని కవి కన్ను వేఱు, కాపు కన్ను వేఱు. మన పూర్వులు దేశమునకు వచ్చు ఈతిబాధలు ఆఱని లెక్కించినారు: అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడుతలు, చిలుకలు, పొరుగురాజులు. ఇందు చిలుక చేరినది, గోరువంక చేరలేదు. కవులు జంటగా కూర్చిన ఈ రెంటిని వ్యవసాయము ఎఱిగినవారు విడదీసినారు. చిలుక కంకిని కొఱికి సగము తిని సగము నేలపాలు చేయును. గోరువంక పండును గింజను ముట్టదని కాదు. అయినను పురుగును తినుటచే దాని పద్దులో జమయే కొంత ఎక్కువగా నున్నది. ఈ జమాఖర్చును మీరు మనసున నుంచుకొనవలెను. కథయంతయు దీనిమీదనే నడచినది.

పక్షులను అదుపులో నుంచుట మనకు క్రొత్త విద్య కాదు. జొన్నచేనిలో మంచె, మంచెపై వడిసెలతో పిల్లవాడు, గట్టున దిష్టిబొమ్మ, గాలికి గలగలలాడు తాటాకులు, పాత డబ్బా, పెద్దగొంతు గల ముసలమ్మ. మన సైన్యమంతయు నిదే. ఈ పద్ధతిలో ఒక విశేషమున్నది. పిట్టను తఱుముదుము గాని దాని వంశమును నిర్మూలించుటకు ఎన్నడును పూనుకొనలేదు. దయచేత అని చెప్పుకొనుటకు నాకును ఇష్టమే గాని, అసలు కారణము వేఱు. మనచోట ఆ పనిని ఇతరులు చేయుచున్నారు. చెట్టుతొఱ్ఱలో గోరువంక గ్రుడ్డు పెట్టిన, పాము ప్రాకి పోవును. పిల్ల ఎగిరిన, డేగ కాచియుండును. కాకిని ఏ తుపాకియు లొంగదీయలేదు గాని, కోకిల దాని గూటిలో తన గ్రుడ్డు నుంచి పెంపించుకొనుచున్నది. ఈ యిరుగుపొరుగు నడుమ ఏ జాతియు మితి మీఱదు.

ఇక సముద్రము దాటుదము. హిందూమహాసముద్రమున నేడు మారిషస్, రీయూనియన్ అనబడు రెండు దీవులు పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. రీయూనియన్‌కు అప్పటి పేరు బూర్బన్. అక్కడ ఈతిబాధలలో నాలుగవది, అనగా మిడుత, పంటలను నాశనము చేయుచుండెను. మిడుతను తిను పక్షి భారతదేశమున కలదని విని, ఇచ్చటినుండి గోరువంకలను ఓడలపై తీసికొనిపోయినారు. మారిషస్‌లో ఇది 1762 ప్రాంతమున జరిగినది. పురుగును అణచుటకై ఒక ప్రాణిని ఒక దేశమునుండి మఱియొక దేశమునకు బుద్ధిపూర్వకముగా తరలించిన మొదటి ఉదాహరణములలో ఇది యొకటియని కృషిశాస్త్ర గ్రంథములు నేటికిని పేర్కొనును. 1770 నాటికి అక్కడ మిడుతల బాధ అణగినదట.

బూర్బనులో జరిగినది ఇంకను చిత్రము. ఫ్రెంచి ప్రకృతిశాస్త్రజ్ఞుడు బుఫాన్ దీనిని వ్రాసిపెట్టినాడు. దేఫోర్జ్ బూషే అను గవర్నరు కాలమున ఆ దీవికి గోరువంకలు వచ్చినవి. అవి క్రొత్తగా విత్తిన చేలలో ముక్కుతో పొడుచుచుండగా చూచి, కాపులు ఇవి విత్తనములను తినుచున్నవని నేరారోపణ చేసిరి. విచారణ జరిగెను. పక్షులకు మరణదండన విధింపబడెను. తీర్పు వెలువడిన రెండు గంటలకు దీవిలో ఒక జంటయైనను మిగులలేదని బుఫాన్ వ్రాత. ఇందులో కొంత అతిశయోక్తి యుండునని నా యనుమానము. ఏదియెట్లున్నను, తరువాత మిడుతలు తిరిగివచ్చెను. పొడిచినది విత్తనమునకు కాదు, పురుగునకు అని జనులకు తెలిసెను. కొన్ని యేండ్లకు ఒక ప్రభువు నాలుగు గోరువంకలను మరల తెప్పించగా ఊరంతయు ఉత్సవముతో ఎదుర్కొనెనట. ఈ పర్యాయము చట్టము వాటికి రక్షణ యిచ్చెను. వైద్యులుకూడ తమవంతు సాయము చేసి, గోరువంక మాంసము ఆరోగ్యమునకు చెఱుపు చేయునని ప్రకటించిరి. నాకు మిక్కిలి ప్రీతి కలిగించిన ఘట్టమిది. న్యాయస్థానము, శాసనము, వైద్యము మూడును ఒక పిట్టకొఱకు ఏకమగుట చరిత్రలో తఱచుగా జరుగునది కాదు.

అంతటితో కథ ముగిసిన బాగుండెడిది. ఆ నాలుగు పక్షులు విపరీతముగా పెరిగిపోయినవి. పురుగులు తగ్గగా పండ్లమీద పడినవి, పావురపు పిల్లలను చంపినవి. ఉపకారియే ఉపద్రవమైనది. ఈ మాటయు బుఫానే వ్రాసినాడు. అనగా, గోరువంకను పరదేశమున విడిచిన ఫలితము పదునెనిమిదవ శతాబ్దమునందే అచ్చుపడియుండెను. చదివినవారు లేకపోలేదు, చదివియు తమ దేశమున అట్లు జరుగదని తలచినారు.

తరువాత శతాబ్దమున చెఱకు వచ్చినది. బానిసత్వము రద్దయిన పిదప చెఱకుతోటలకు మనుష్యులు కావలసివచ్చెను. 1834 మొదలుకొని దాదాపు నాలుగున్నర లక్షలమంది భారతీయులను ఒప్పందపు కూలీలుగా మారిషస్‌కు గొనిపోయిరి. 1860 నుండి నేటాలునకు లక్షన్నరకు పైగాను, 1879 నుండి ఫిజీకి అఱువదివేలకు పైగాను పోయిరి. కోరంగి, విశాఖపట్టణము, చెన్నపట్టణము రేవులనుండి పోయిన తెనుగువారు వీరిలో ఉన్నారు. మారిషస్‌లో తెనుగువారికి కోరంగీలను పేరు నిలిచినది కూడ ఆ రేవువలననే. చెఱకు నాటుటయు బెల్లము వండుటయు పుట్టుకతో నేర్చిన ఈ ప్రాంతపు వారికి ఆ పని తెలియనిది కాదు. తెలియనిది ఆ దూరము.

మనుష్యులను చెఱకుకొఱకు తీసికొనిపోయినట్లే పిట్టనుకూడ తీసికొనిపోయినారు. 1862లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్నుకు గోరువంకలు చేరినవి. 1865లో హిల్లెబ్రాండు అను వైద్యుడు పైరుపురుగులకై హవాయి దీవులకు తెప్పించినాడు. 1883లో మెల్బోర్నునుండి క్వీన్స్‌లాండు చెఱకుతోటలకు పంపిరి. 1890 ప్రాంతమున ఫిజీ చేరినది. ఇరువదవ శతాబ్దారంభమున నేటాలులోని డర్బనులో స్థిరపడినది. పటము తీసి చూడుడు: చెఱకు ఎక్కడనో కూలి అక్కడ, గోరువంక అక్కడ. మనచోట దుక్కి వెంట నడచిన పిట్ట అక్కడ దొరతనపు జమీలలో ఉద్యోగిగా నియమింపబడినది.

ఉద్యోగము సరిగా చేసినదా? చేయలేదు. క్వీన్స్‌లాండులో చెఱకును చెఱచు పురుగు నేలలోపల వేళ్లను తినును. గోరువంక ముక్కు అంతలోతునకు పోదు. దున్నినప్పుడు దొరికినంత తినును. పైరు ఎదిగిన పిదప దానికి అక్కడ పని లేదు. చివరకు 1935లో ఆ పురుగునకై హవాయినుండి గోదురుకప్పలను తెప్పించిరి. కప్పయు పురుగును పట్టలేదు. దేశమునంతయు తానే పట్టినది. మొదటి తప్పును రెండవ తప్పుతో దిద్దబోవుట బడిపిల్లల పలకలమీద నేను ముప్పదియేండ్లు చూచినాను. పెద్దలు దేశముల మీదనే చేయుట తరువాత తెలిసికొన్నాను. హవాయిలో గోరువంక లాంటానా కంప పండ్లు తిని, ఆ గింజలను పచ్చికబయళ్లలో వెదజల్లి, పురుగు చేసిన చెఱుపునకు తోడు మఱియొక చెఱుపు చేసినది.

గోరువంక తొఱ్ఱలో గూడు కట్టును. తొఱ్ఱ లేనిచో గోడకంత, పైకప్పు సందు, వీథిదీపపు స్తంభము, ఏదైనను చాలును. ఆస్ట్రేలియాలో తొఱ్ఱలనే నమ్ముకొన్న చిలుకజాతులు అనేకము కలవు. కాన్‌బెరాకు గోరువంకలు 1968లో వచ్చినవి. ఆ నగరమున ఇరువది తొమ్మిదేండ్లపాటు జరిగిన పక్షిగణనలను పరిశీలించి 2012లో ప్రకటించిన పరిశోధనలో, గోరువంక వచ్చినచోట్ల కొన్ని తొఱ్ఱపిట్టలును, కొన్ని చిన్నపిట్టలును క్రమముగా తగ్గినట్లు తేలినది. పాతచెట్లను నఱకి ఊళ్లు కట్టుటయే గోరువంకకు మొదటి స్వాగతమని కూడ పరిశోధకులు చూపినారు. తొఱ్ఱలున్న ముసలిచెట్టును నఱకినది మనుష్యుడు. మిగిలిన తొఱ్ఱకై పోరాడినది పిట్ట.

అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమువారు 2000 సంవత్సరమున లోకమునకు మిక్కిలి చెఱుపు చేయు నూఱు పరదేశజాతుల పట్టికను ప్రకటించిరి. అందులో పక్షులు మూడే. ఒకటి గోరువంక. రెండవది మన పెరటి పిగిలిపిట్ట. మూడవది ఐరోపాకు చెందిన స్టార్లింగు. అదియు గోరువంకకు జ్ఞాతియే. మూడింట రెండు మన పిట్టలగుట వినుటకు బాగుండలేదు. పిగిలిపిట్ట ఫిజీకి 1903 ప్రాంతమున భారతీయ కూలీల వెంట పోయినదని పక్షిశాస్త్రజ్ఞులు వ్రాయుదురు. చెన్నపట్టణమునుండి ఫిజీకి కూలీల ఓడలు నడువ నారంభించినదియు 1903లోనే. ఇల్లు విడిచిపోవు నిరుపేద, పంజరములో ఒక పిట్టను వెంట తీసికొనిపోయెనేని, అతనిని తప్పుపట్టుటకు నాకు నోరాడదు.

కాకి సంగతియు చెప్పవలెను. మనము పితృదినమున వాయసపిండము నుంచి దాని రాకకై ఎదురుచూతుము. ఆ కాకిని 1890 దశకమున చెత్త యెత్తుటకని జాంజిబారునకును, కాఫీతోటల పురుగులకని సింహళమునుండి మలయాలోని క్లాంగునకును గొనిపోయిరి. కోకిలను మాత్రము ఎవ్వరును ఓడ యెక్కింపలేదు. జాంజిబారులో 1917 నాటికే కాకిని చీడగా ప్రకటించి, చంపి తెచ్చినవారికి సొమ్ము ఇచ్చుట మొదలుపెట్టిరి. 1947 నాటికి మొంబాసాలో కానవచ్చినది. 2024 జూనులో కెన్యా ప్రభుత్వము ఆ సంవత్సరాంతమునకు పదిలక్షల కాకులను చంపుటకు సంకల్పించి, విషమును తెప్పింప నిశ్చయించినది. పరదేశపు పక్షి వచ్చిన తొలినాళ్లలో నలువదియో యేబదియో యుండును. అప్పుడు ఎవ్వరికిని తొందర పుట్టదు. తొందర పుట్టునప్పటికి లెక్క లక్షలలో నుండును.

పని నెఱవేఱినచోట్లు లేకపోలేదు. సీషెల్సు దీవులలో ఫ్రెగేటు అను చిన్నదీవి యున్నది. మన పెద్దనలంచికి దాయాదియగు ఒక నల్లని పాటపిట్ట ఒకానొక కాలమున లోకమంతటిలో ఆ దీవియందే మిగిలెను. 1970 ప్రాంతమున వాటి సంఖ్య ఇరువదికి లోపుగా నుండెను. గోరువంకలు దాని గూళ్లను చెఱచుచుండెను. అక్కడ ఏడువందలకు పైగా గోరువంకలను పట్టి 2011 నాటికి దీవిని శుభ్రము చేసిరి. డెనిస్ అను మఱియొక దీవిలో వేయికి పైగా పట్టవలసివచ్చెను. అక్కడి పని 2015లో గాని ముగియలేదు. మొదటి వేయి బోనులో పడును. చివరి పది పడవు. బోనును చూచి నేర్చుకొన్న ఆ కొలదింటిని తుపాకితో ఒక్కొక్కదానిని వెదకి కొట్టవలసివచ్చెను. ఒక్క జంట మిగిలిన, బూర్బను కథ మరల మొదటికి వచ్చును.

చిలుకయు వెనుకబడలేదు. మాహే అను సీషెల్సు పెద్దదీవిలో పంజరములనుండి తప్పించుకొన్న మన రామచిలుకలు వందలకొలది కాగా, 2013లో పని మొదలుపెట్టి, ఐదువందలకు పైగా చంపి, 2019లో ఇక లేవని ప్రకటించిరి. ప్రాలిను దీవిలో మాత్రమే యుండు నల్లచిలుకను కాపాడుటకు చేసిన పని యిది. అచ్చట చిలుకా గోరువంకలు రెండును కలసి ఈతిబాధలలో చేరిపోయినవి. మన కవులు కూర్చిన జంటను కాపులు విడదీసినారని చెప్పితిని గదా. సముద్రము మరల కలిపినది.

బొజ్జన్నకొండ నీడన పుట్టి పెరిగినవాడను. ఇన్ని ప్రాణుల వధను లెక్కలుగా చదువుచున్నప్పుడు నా మనస్సు కుదుటగా నుండలేదు. అయినను ఫ్రెగేటులో చంపకుండుట కూడ ఒక వధయేయని ఒప్పుకొనక తప్పదు. ఎటు చూచినను ఒక పిట్ట పోవలసియున్నది. గోరువంక లోకమంతట కోట్లుగా నున్నది. ఆ నల్లనిపిట్ట ఇరువది లేదు. అక్కడ చంపినవారిని నేను నిందింపలేను. కాన్‌బెరా మాట ఇంత తేట కాదు. అది దీవి కాదు, ఖండము. బోనులతో గోరువంక నిశ్శేషము కాదు. 2006 నుండి అక్కడి పౌరులు సంఘముగా నేర్పడి బోనులు పెట్టుచున్నారు. ఎక్కువగా పట్టినచోట తగ్గుననియు, ఆపిన, చుట్టుప్రక్కలవి వచ్చి చేరుననియు చెప్పవచ్చును. అది నిర్మూలనము కాదు, కలుపుతీత. కలుపుతీత ఏటేటను చేయవలసిన పనియని చెఱకురైతునకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

కావున శిష్యునకు ఇట్లు వ్రాసినాను. "నాయనా! ఇండియన్ అన్నది అక్కడ దాని పుట్టినూరి పేరు, అనకాపల్లి బెల్లమన్నట్లు. దానిని తమంత తాముగా తెచ్చి విడిచినది అచ్చటి పెద్దలే. మనమెవ్వరమును పంపలేదు. ఈ మాట పాపకు మొదట చెప్పుము. బోను పెట్టుటయో మానుటయో నీ యిష్టము. పెట్టితివేని, దానిలో నీడయు నీరును ఉండవలెను. ప్రతిదినము తప్పక చూడవలెను. ఆ దేశపు పిట్ట పొరపాటున పడినచో వెంటనే విడువవలెను. పట్టినదానిని బాధ లేకుండ ముగించు ఏర్పాటున్న వారికే అప్పగింపవలెను. కుక్కకు పెట్టిన మెతుకులు పెరటిలో మిగిల్చితివేని ఎన్ని బోనులున్నను వ్యర్థము. ఇంటి చూరు సందులను ముందు మూయింపుము. పెరటిలో ముసలిచెట్టున్నచో దానిని నఱకనీయకుము."

మొన్న ప్రత్యుత్తరము వచ్చినది. చూరు సందులు మూయించినాడట. బోను పెట్టి మూడు వారములైనదట, ఒక్కటియు పడలేదట. దీమపు పిట్ట లేనిదే గోరువంకలు బోను చేరవని ప్రక్కయింటి పెద్దమనిషి చెప్పి, తన బోనులోని దానిని ఒకటి ఎరువిచ్చెదనన్నాడట. పాప మాత్రము ఆ బోనుకు ఒక చీటి అంటించినదట. దానిమీద తెలుగు అక్షరములతో గోరువంక అని వ్రాసియున్నదట. రు కొమ్ము సరిగా పడలేదని తండ్రి ఫిర్యాదు.